చేర్పు, మార్పు, తొలగింపు: సికింద్రాబాద్ పాతకట్టడాలలో కొత్త నిర్మాణం

ఉపోద్ఘాతం

తెలుగులో 'మార్పులు చేర్పులు' అనేది జంటపదంగా స్థిరపడింది. వ్రాతప్రతి మొదలుకొని ఇంటి నక్షా వరకు దేని విషయంలోనైనా ఈ రెండు మాటలనూ కలిపే వాడుతారు. అలా కలిపి వాడటం వల్ల వాటి మధ్య ఉన్న భేదం మరుగున పడుతుంది. ఉన్నదాని రూపాన్ని వేరొకటిగా చేయడం మార్పు. ఉన్నదానిని నిలిపి, దానికి మరొకటి జతచేయడం చేర్పు. గ్రంథపరిష్కర్తకు ఈ భేదం ప్రాణప్రదం. పాతకట్టడాలను కాపాడే ప్రయత్నంలోనూ దీని ప్రాముఖ్యం అంతే.

ఏ ప్రయోజనం కోసం కట్టారో ఆ ప్రయోజనం తీరిపోయిన కట్టడానికి కొత్త ప్రయోజనం కల్పించి వాడుకోవడాన్ని నేడు 'పునర్వినియోగం' అంటున్నారు. నివాసభవనం కళాశాల అవుతుంది. దివాణం కార్యాలయమవుతుంది. దిగుడుబావి దర్శనీయస్థలమవుతుంది. ఇలా వాడుకోవాలంటే కొత్త నిర్మాణం కొంత తప్పదు. మెట్లు ఎక్కలేనివారికి వాలుదారి, అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి, మరుగుదొడ్లు, విద్యుత్తు, సందర్శకులు కూర్చునే చోటు అన్నీ కావాలి. కాబట్టి చేర్పు ఉండాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చేర్పు ఏ రూపంలో ఉండాలి, పాతదానితో దాని సంబంధం ఎలా ఉండాలి అన్నదే ప్రశ్న.

ఈ చర్చను సాధారణంగా పాశ్చాత్యదేశాల పరిరక్షణ సూత్రాలతో ప్రారంభిస్తారు. తెలుగు గ్రంథసంప్రదాయంలోనూ శాసనసంప్రదాయంలోనూ ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఉంది. చేర్పు తన కాలాన్ని తానే చెప్పుకోవాలన్నదే ఆ సమాధానం. ఈ ప్రమాణంతో సికింద్రాబాద్‌లోని నాలుగు కట్టడాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శేషపూరణం, ప్రక్షిప్తం

ఆంధ్రమహాభారతంలో నన్నయ రచన అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయింది. తిక్కన ఆ భాగాన్ని ముట్టకుండా విరాటపర్వంతో తన రచన ప్రారంభించాడు. మధ్యలో మిగిలిన ఖాళీని 14వ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించాడు. పూరణం నన్నయ ధోరణిలో మొదలై, పోనుపోను తిక్కన ధోరణికి చేరువవుతుందని విమర్శకులు గుర్తించారు. ఆ భాగాన్ని ఎఱ్ఱన తన ప్రభువుకు కాక, నన్నయ కృతిపతి అయిన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. అయినా నన్నయ ఎక్కడ ఆగాడో, ఎఱ్ఱన ఎక్కడ అందుకొన్నాడో తెలుగు పాఠకలోకానికి తెలుసు. అతుకు కనిపిస్తుంది గాని అడ్డుతగలదు. పాతదానిపట్ల వినయం, తన పని తనదేనన్న స్పష్టత ఈ పూరణంలో ఒక్కచోట ఉన్నాయి.

దీనికి ఎదురుగా ప్రక్షిప్తాలున్నాయి. లేఖకులో పాఠకులో తమ పద్యాలను మూలకవి పద్యాల మధ్య గుట్టుగా చేర్చారు. ఆ పద్యాలలో కొన్ని అందమైనవే కావచ్చు. పరిష్కర్త అభ్యంతరం వాటి అందం గురించి కాదు. అవి తమను తాము మూలంగా చెప్పుకొంటున్నాయన్నదే అభ్యంతరం. ప్రక్షిప్తం కవి కాలం గురించీ భాష గురించీ పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

కట్టడాలలోనూ ఈ రెండు పద్ధతులు కనిపిస్తాయి. దక్కను ప్రాంతపు దానశాసనాలలో 'ఖండస్ఫుటిత జీర్ణోద్ధారం' అన్న పదబంధం తరచుగా కనిపిస్తుంది. విరిగినదానినీ పగిలినదానినీ బాగుచేయడం అని దీని భావం. ఈ పని కోసం భూమినో ఆదాయాన్నో శాశ్వతంగా కేటాయించేవారు. అంటే మరమ్మతు ఒక్కసారితో ముగిసే పని కాదని, దానికి నిలకడైన ఆదాయం ఉండాలని దాతలు గ్రహించారు. ఆలయానికి కొత్త మండపమో గోపురమో చేర్చినప్పుడు ఎవరు, ఎప్పుడు చేర్చారో శిలపై చెక్కించడం మరొక ఆచారం. శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంలో హంపి విరూపాక్షాలయానికి రంగమండపాన్ని చేర్చిన సంగతి 1510 నాటి శాసనం వల్ల తెలుస్తున్నది. శ్రీకాళహస్తి రాజగోపురాన్ని 1516లో ఆయనే కట్టించాడు. ఈ చేర్పులు తమ కాలపు విజయనగర శైలిలోనే ఉన్నాయి. పూర్వపు నిర్మాతల శైలిని అనుకరించలేదు.

ఈ సంప్రదాయాన్ని నిర్దోషమైనదిగా చిత్రించడం సరికాదు. కొత్త ఆలయం కోసం పాత ఆలయపు రాళ్లు వాడుకొన్న సందర్భాలు దక్కను చరిత్రలో ఉన్నాయి. శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయినప్పుడు, అదే స్థలంలో అదే సంప్రదాయరూపంలో కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం జరిపారు. నిత్యపూజ జరిగే ఆలయంలో ఆ నిర్ణయం సహజం. కాని 1516 నాటి గోపురమూ 2017 నాటి గోపురమూ ఒకటి కావు. రేపటి చరిత్రకారునికి ఆ తేడా చెప్పవలసింది లిఖితసాక్ష్యమే.

పరిరక్షణ పత్రాల దృష్టి

1964 నాటి వెనిస్ పత్రం ఆధునిక పరిరక్షణకు ఆధారగ్రంథం వంటిది. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలనీ, అంతకుమించి చేసిన పని తన కాలపు ముద్రను ధరించాలనీ అది నిర్దేశించింది. లోపించిన భాగాన్ని పూరించేటప్పుడు ఆ పూరణం మొత్తంతో పొసగాలి, దగ్గరగా చూసినవారికి వేరుగానూ తెలియాలి అన్నది అందులోని మరొక సూత్రం. ఎఱ్ఱన పూరణాన్ని ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ సూత్రం కొత్తగా తోచదు. 1979 నాటి ఆస్ట్రేలియా బర్రా పత్రం అవసరమైనంత మేరకే జోక్యం చేసుకోవాలన్న జాగ్రత్తను ముందుకు తెచ్చింది. 2004లో ఇంటాక్ సంస్థ ప్రకటించిన పత్రం భారతీయ పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని, సంప్రదాయ శిల్పుల చేతిపని నేటికీ సజీవంగా ఉన్నచోట దానికి చోటివ్వాలని వాదించింది. జీర్ణోద్ధారభావనను ఆ పత్రం ప్రత్యేకంగా ప్రస్తావించింది.

ఈ సూత్రాలు రూపుదాల్చిన నిర్మాణాలలో ఇటలీలోని వెరోనా నగరపు కాస్తెల్‌వెక్కియో కోట ప్రసిద్ధం. 14వ శతాబ్దికి చెందిన ఆ కోటలోని ప్రదర్శనశాలను వాస్తుశిల్పి కార్లో స్కార్పా 1950, 60 దశకాలలో తీర్చిదిద్దాడు. అక్కడ కొత్త నేల పాతగోడను తాకదు. రెండింటి నడుమ సన్నని సందు ఉంటుంది. ఏది పాతదో ఏది కొత్తదో ఆ సందే చెబుతుంది. పారిస్‌లోని లూవ్ర్ ప్రాంగణంలో 1989లో వెలసిన గాజు పిరమిడ్ మరొక పద్ధతికి ఉదాహరణ. అది పాతరాజభవనంతో ఏ పోలికా పెట్టుకోక, దాని నడుమ ప్రవేశద్వారంగా నిలిచింది. మొదటిది మెల్లగా మాట్లాడే చేర్పు. రెండవది గొంతెత్తి మాట్లాడే చేర్పు. రెండూ తమ కాలాన్ని దాచుకోలేదు.

సికింద్రాబాద్ నేపథ్యం

1798 నాటి సైన్యసహకార సంధి తరువాత బ్రిటిషు సేనలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిది చేశాయి. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరుమీద ఆ విడిదికి సికింద్రాబాద్ అన్న పేరు వచ్చింది. హైదరాబాద్ వలె ఇది రాజధానిగా పుట్టిన ఊరు కాదు. దండు కోసం పుట్టి, దండును ఆశ్రయించిన వర్తకంతో పెరిగింది. బ్యారకులు, ఆస్పత్రులు, చర్చిలు, క్లబ్బులు, అంగళ్లు, రైలుస్టేషను ఇక్కడి వారసత్వంలో ప్రధానభాగం. ఇవన్నీ అవసరం కోసం కట్టినవి. అవసరం మారినప్పుడల్లా వీటి వాడకమూ మారింది. బేగంపేటలో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న సైనిక ఆస్పత్రి భవనం తరువాతి కాలంలో ఆయన పేరుమీద పరిశోధనసంస్థ అయింది. అందువల్ల పునర్వినియోగం సికింద్రాబాద్‌కు ఇటీవల వచ్చిన ఆలోచన కాదు. ఊరి స్వభావంలోనే అది ఉంది.

బన్సీలాల్‌పేట బావి: పక్కన నిలిచిన చేర్పు

బన్సీలాల్‌పేటలోని మెట్లబావిని 17వ శతాబ్దపు నిర్మాణంగా పరిగణిస్తున్నారు. ఆ ప్రాంతానికి పూర్వం నాగన్నకుంట అన్న పేరుండేది. 1933లో బ్రిటిషు రెసిడెంట్ టి.హెచ్. కీస్ హయాంలో అక్కడ ఆదర్శగ్రామం ఏర్పడి, దాత సేఠ్ బన్సీలాల్ పేరుతో బన్సీలాల్‌పేట అయింది. కుళాయినీరు వచ్చాక బావి వాడకం తగ్గింది. క్రమంగా అది చెత్తతో పూడి, నేలమట్టమై, కంటికి కనపడకుండా పోయింది. 2021, 2022లలో ప్రభుత్వ విభాగాలు, నీటివనరుల పునరుద్ధరణలో పనిచేసే స్వచ్ఛందసంస్థ కలిసి పూడిక తీసి, రాతిమెట్లనూ స్తంభాలనూ నిలబెట్టాయి. 2022 డిసెంబరు 5న బావిని ప్రజలకు తెరిచారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బావి మళ్లీ బావిగా నీటిని నిలుపుకొంటున్నా, ఊరివారు నీళ్లు తోడుకొనే చోటు కాదు. సందర్శకులు వచ్చే చోటు, సాయంకాలపు కార్యక్రమాలు జరిగే చోటు. అంటే దాని వినియోగం మారింది. ఆ కొత్త వినియోగానికి కావలసిన సందర్శకుల భవనాన్ని, కూర్చునే మెట్లవరుసలను బావికి పక్కన నేలమీద ఏర్పరిచారు. బావి నేల కిందికి దిగుతుంది. చేర్పు నేలపైన నిలుస్తుంది. రెండింటి దిశలూ వేరు కాబట్టి ఒకదాన్ని చూసి మరొకటిగా భ్రమించే అవకాశం లేదు. ఎఱ్ఱన పద్ధతికి నాలుగు ఉదాహరణలలోనూ దగ్గరగా ఉన్నది ఇదే.

లోపం మరొక చోట ఉంది. రంగుదీపాల వెలుగులో బావి అంతా ఒకే కాలపు నిర్మాణంలా కనిపిస్తుంది. ఏ రాయి యథాస్థానంలో ఉన్నది, ఏది తిరిగి పేర్చినది, ఏది కొత్తగా చెక్కి పెట్టినది అన్నది రాతిమీదనో పక్కనో తెలియజెప్పడం పూరణధర్మం. ఆ వివరం స్థలంలో లేకపోతే మరో యాభై ఏళ్లకు కొత్తరాయి కూడా 17వ శతాబ్దపు రాయి అవుతుంది.

రాష్ట్రపతి నిలయం: సొరంగంలో చేర్యాల బొమ్మలు

బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 1860లో కట్టిన ఒకే అంతస్తు భవనం. బ్రిటిషు రెసిడెంటుకు ఊరిబయటి నివాసంగా ఉండి, స్వాతంత్ర్యానంతరం రాష్ట్రపతి దక్షిణాది విడిదిగా మారింది. సుమారు 90 ఎకరాల ఈ ప్రాంగణం చాలాకాలం ఏడాదిలో కొద్దిరోజులే ప్రజలకు తెరిచి ఉండేది. 2023 మార్చి 22న, ఉగాదినాడు, ఏడాది పొడవునా సందర్శనకు తెరిచారు. దానితో విడిదికి ప్రదర్శనశాల అన్న మరొక వినియోగం చేరింది.

ఇక్కడి చేర్పులలో రెండు పోల్చదగినవి. వంటశాల నుంచి భోజనశాలకు నేలకింద ఒక సొరంగమార్గం ఉంది. ఒకప్పుడు పనివారు దొరల కంటపడకుండా వంటకాలు మోసుకుపోయిన దారి అది. దాని గోడలమీద ఇప్పుడు చేర్యాల చిత్రాలున్నాయి. చేర్యాల నకాషీలు పటాలమీద చిత్రించి, కులపురాణ కథకులకు అందించిన కళ అది. రెసిడెంట్ల కాలపు భవనంలో ఆ కళకు చోటు లేదు. అందుకే ఈ చేర్పును ఎవరూ 1860 నాటిదని భ్రమించరు. పనివారి దారిలోకి తెలంగాణ పనివారి కళ ప్రవేశించింది. పాతగోడ నిర్మాణం చెడకుండానే దాని అర్థం మారింది.

రెండవది ధ్వజస్తంభం. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమైన సందర్భంలో జాతీయపతాకం ఎగిరిన 120 అడుగుల టేకుస్తంభానికి ప్రతిరూపాన్ని 2023 డిసెంబరులో ఇక్కడ నిలిపారు. భావం ఉదాత్తమైనదే. అయితే ప్రతిరూపం ఎంత నిక్కచ్చిగా ఉంటే దాని పక్కన 'ఇది ప్రతిరూపం' అన్న మాట అంత పెద్దగా ఉండాలి. చేర్యాల చిత్రం తన కాలాన్ని తనంతట తానే చెబుతుంది. ప్రతిరూపం చెప్పలేదు. అక్షరం ఆ పని చేయాలి.

పైగా ప్యాలెస్: అద్దెకున్నవారి చేర్పు

బేగంపేటలోని పైగా ప్యాలెస్‌ను 1900 ప్రాంతంలో వికారుల్ ఉమ్రా కట్టించాడు. ఫలక్‌నుమా భవన నిర్మాత, 1893 నుంచి 1901 వరకు హైదరాబాద్ ప్రధానమంత్రి ఆయనే. తరువాతికాలంలో ఈ భవనం హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కార్యాలయమయింది. 2008 నుంచి 2023 మార్చి వరకు అమెరికా కాన్సులేట్ ఇక్కడ పనిచేసింది. నానక్‌రాంగూడలో సొంతభవనం సిద్ధం కాగానే కాన్సులేట్ అక్కడికి తరలిపోయింది.

పైగా అమీరు నివాసంలో కాన్సులేట్ నడవడమంటే వినియోగంలో ఎంత దూరం ప్రయాణించినట్టో ఊహించవచ్చు. అమీరు ద్వారం అతిథిని లోపలికి పిలుస్తుంది. కాన్సులేట్ ద్వారం వచ్చినవారిని ఆపి తనిఖీ చేస్తుంది. వీసాలకోసం వచ్చే జనానికి నిరీక్షణస్థలం, ప్రహరీకి భద్రత తప్పవు. ఇటువంటి కట్టడం విషయంలో పరీక్ష వేరు. అద్దెకు వచ్చిన వినియోగం ఏదో ఒకనాడు వెళ్లిపోతుంది. అది వెళ్లిన తరువాత భవనం తన పూర్వరూపానికి చేరుకోగలగాలి. గోడను తొలచక తగిలించినవి, నేలను తవ్వక పరిచినవి అయినప్పుడే ఆ చేర్పులను తీసివేయడం సాధ్యం. గ్రంథభాషలో చెప్పాలంటే ఇది పంక్తి మధ్య రాసే రాత కాదు, అంచున రాసే టిప్పణం. పునర్వినియోగానికి ఇచ్చే ప్రతి ఒప్పందంలోనూ ఈ నియమం ఉండవలసిందే.

రైలుస్టేషను: చేర్పు లేని చోటు

సికింద్రాబాద్, వాడి రైలుమార్గం 1874లో మొదలయింది. సికింద్రాబాద్ స్టేషను చరిత్రకు ఆరంభం అదే. స్టేషను దశలవారీగా పెరిగింది, పలుమార్లు మారింది. దాని పాత ప్రవేశభవనం మాత్రం తరతరాల ప్రయాణికులకు ఊరి ముఖంగా నిలిచింది. 2023 ఏప్రిల్ 8న సుమారు 700 కోట్ల రూపాయల పునర్నిర్మాణ పథకానికి శంకుస్థాపన జరిగింది. 2025 ఆరంభంలో పాతభవనాన్ని కూల్చివేశారు.

రద్దీ పెరిగిందన్న వాదనను కొట్టిపారేయలేము. పాతభవనం నేటి జనాన్ని మోయలేదన్నదీ నిజమే కావచ్చు. కాని రద్దీకి కూల్చివేత ఒక్కటే సమాధానమైతే 1887 నాటి ముంబై ఛత్రపతి శివాజీ టెర్మినస్ ఈపాటికి మిగిలి ఉండేది కాదు. 1916 నాటి కాచిగూడ స్టేషను భవనం నేటికీ రైళ్ల రాకపోకల నడుమనే నిలిచి ఉంది. పాతముఖాన్ని నిలిపి, రద్దీని మోసే కొత్త నిర్మాణాన్ని దాని వెనుకనో పక్కనో చేర్చే మార్గం సికింద్రాబాద్‌లోనూ పరిశీలించదగినదే. సమకాలీన వాస్తుశిల్పం తన ప్రతిభ చూపవలసిన చోటు అటువంటిదే. ఖాళీస్థలంలో కొత్తభవనం కట్టడం కన్నా పాతదాని పక్కన నిలిచే కొత్తదానిని కల్పించడం కష్టం. ఇక్కడ చేర్పు జరగలేదు. ఒక పాఠాన్ని తుడిచి, ఆ ఆకుమీదనే మరొక పాఠం రాశారు.

ఈ పరిణామానికి చట్టపరమైన నేపథ్యం కూడా ఉంది. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనలలో 1995లో చేరిన 13వ నిబంధన జంటనగరాల వారసత్వకట్టడాలను జాబితాగా గుర్తించి, వాటిలో మార్పులకు నిపుణుల సంఘం పరిశీలనను తప్పనిసరి చేసింది. 2015 డిసెంబరులో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. జాబితాకెక్కిన కట్టడాన్ని చట్టం కాపాడవచ్చు. చేర్పు ఎలా ఉండాలన్న వివేచనను మాత్రం చట్టం ఒక్కటే ఇవ్వలేదు. ఆ వివేచన సమాజపు వాడుకలో, భాషలో ఉండాలి.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు ప్రమాణాలు తేలుతున్నాయి. మొదటిది అతుకు. పాతదీ కొత్తదీ కలిసే చోటు కంటికి తెలియాలి. బన్సీలాల్‌పేటలో నేలపైని భవనానికీ నేలకింది బావికీ మధ్య ఆ స్పష్టత ఉంది. రెండవది శాసనం. ఏది ఎప్పుడు, ఎవరు, ఎందుకు చేర్చారో స్థలంలోనే రాసి ఉండాలి. నిలయంలోని ప్రతిరూపానికీ బావిలోని కొత్తరాయికీ ఇది అత్యవసరం. మూడవది వృత్తి. జీర్ణోద్ధారానికి దాతలు భూమిని కేటాయించినట్టు, కొత్త వినియోగం తెచ్చే ఆదాయం ఆ కట్టడపు మరమ్మతుకే చేరే ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే పునరుద్ధరించిన బావి మళ్లీ పూడిపోవడానికి ఎంతోకాలం పట్టదు.

తెలుగు పరిశోధకులు ఈ విషయంలో చేయగలిగిన పని కొంత ఉంది. శాసనాలను సేకరించి పరిష్కరించిన అనుభవం తెలుగు శాఖలకు ఉంది. పునర్వినియోగంలో ఉన్న ప్రతి కట్టడం వద్దా చేర్పుల చరిత్రను తెలుగులో, సందర్శకునికి అర్థమయ్యే నాలుగు వాక్యాలలో రాసి నిలిపే బాధ్యతను ఆ శాఖలు స్వీకరించవచ్చు. కూల్చివేసిన స్టేషను భవనానికీ అటువంటి శాసనం ఒకటి కావాలి. కొత్త స్టేషనులో ఎక్కడో ఒకచోట పాత ప్రవేశభవనం నిలిచిన స్థలాన్ని గుర్తించి, దాని చరిత్రనూ దాన్ని తొలగించిన సంవత్సరాన్నీ రాతిమీద చెక్కిస్తే, తుడిచివేసిన పాఠం గురించి కనీసం ఒక పాదసూచిక మిగులుతుంది.